తలుపు చప్పుడు దగ్గర ఆగు

తమ్ముడూ,

వచ్చేవారం నీ ఇంగ్లీషు క్లాసులో సస్పెన్స్ కథ చదివిద్దామనుకుంటున్నానని, ఎలా మొదలుపెట్టాలో పాలుపోవట్లేదని రాశావు. మంచి కథే ఎంచుకున్నావు. డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన ఆ 'మంకీస్ పా' కథ నేను ఎన్ని క్లాసుల్లో చదివించానో లెక్కలేదు. మొదటిసారి మాత్రం నిలువునా చెడగొట్టాను. ముందు ఆ సంగతి విను.

అప్పట్లో నాకు పాఠమంటే బోర్డు నిండా కఠిన పదాలు, పక్కన అర్థాలు. ముప్ఫై దాకా రాశాను. అందులో మెషినరీ, కాంపెన్సేషన్, సెమెటరీ వరసగా ఉన్నాయి. వెనక బెంచీ కుర్రాడు లేచి, "ఎవరు పోతారు మేడమ్, తండ్రా కొడుకా?" అన్నాడు. కథ ఇంకా మొదలే కాలేదు! ఇక ఆ గంట ఎలా గడిచిందో అడక్కు.

కాబట్టి పదాల జాబితా ముందు ఇవ్వకు. నిజంగా అడ్డుపడేవి ఐదారుంటాయి, అంతే. మొట్టమొదటి మాటే చూడు, 'వితౌట్'. అక్కడ 'లేకుండా' అని కాదు, 'బయట' అని. బయట చలి, వాన. లోపల వెచ్చగా మంట. అది నువ్వే చెప్పేసి ముందుకెళ్లిపో. దానికి కూడా డిక్షనరీలు తెరిపించావంటే ఆ వాన అక్కడే వెలిసిపోతుంది.

కథ ఎలాగూ మూడు భాగాలుగా ఉంది, మూడు రోజులు పెట్టుకో. మొదటి భాగం నువ్వే పైకి చదువు. వాళ్లచేత చదివిస్తే ధ్యాసంతా ఉచ్చారణ మీదే ఉంటుంది, కథ బుర్రకెక్కదు. ఇండియా నుంచి వచ్చిన సార్జెంట్ మేజర్, మూడు కోరికలు తీరుస్తుందనే ఆ కోతి పంజాను మంటలో పడేస్తాడు, ఇంటాయన చటుక్కున పైకి లాగుతాడు. అక్కడ పుస్తకం మూసెయ్. "మీరైతే తీసేవాళ్లా?" అని అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడమే మన పంతుళ్లకి చేతకాదు! మనసులో పది లెక్కపెట్టు. ఒక నిమిషం వాళ్ల భాషలోనే పక్కవాళ్లతో గుసగుసలాడుకోనీ. తర్వాత ఏం జరుగుతుందో చీటీ మీద ఒక్క వాక్యం, ఇంగ్లీషులో. 'మైట్' ఎప్పుడు వాడాలో ఎన్ని అభ్యాసాలు చేయించినా ఎక్కనివాళ్లు కూడా ఆ చీటీలో 'సంబడీ మైట్ డై' అని రాసేస్తారు. స్పెల్లింగు తప్పులు ఆ పూట దిద్దకు, చీటీలు దాచిపెట్టు చాలు.

రెండో భాగంలో నాకు ప్రాణమైన చోటొకటి ఉంది. కొడుకు పనిచేసే కంపెనీ మనిషి ఇంటికొచ్చి నసుగుతుంటాడు. కొడుక్కి దెబ్బ తగిలిందా అని తల్లి అడిగితే, బాగా తగిలింది, అయినా 'హి ఈజ్ నాట్ ఇన్ ఎనీ పెయిన్' అంటాడు. ఆవిడ దేవుడికి దండం పెట్టుకోబోయి, మధ్యలో ఆగిపోతుంది. ఆ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు చూశావా? కొడుకు చనిపోయాడన్న అర్థం మాత్రం క్లాసులో ఒకరి తర్వాత ఒకరికి తడుతుంది, అది ముఖాల్లోనే కనిపిస్తుంది. నువ్వు నోరు మెదపకు. ఎవరికో ముందు తడుతుంది, వాళ్లే పక్కవాళ్లకి చెబుతారు. ఆ తర్వాత పరిహారం 200 పౌండ్లు అన్నప్పుడు, ఆ అంకె ఇంతకుముందు ఎక్కడ విన్నారో అడుగు. పేజీలు వెనక్కి తిరుగుతాయి. ఇంటి అప్పు తీర్చుకోవడానికి తండ్రి పంజాను కోరింది సరిగ్గా అంతే.

కథ ముందే తెలిసినవాడు ఒకడైనా ఉంటాడు. వాణ్ని నోరు మూసుకోమంటే మూసుకోడు, పని అప్పజెప్పు. మొదటి పేజీలో చదరంగం ఆడుతూ తండ్రి తన రాజును అనవసరంగా ప్రమాదంలోకి నెడతాడు. ముందే పొంచి ఉన్న అలాంటి జాడలు వెతికి, రహస్యంగా రాసిపెట్టమను. ఇంకో మాట. పెద్దవాళ్ల క్లాసైతే ఇందులో బిడ్డ చావు ఉందని ముందురోజే ఎవరికీ వినపడకుండా అడిగి చూడు. ఎవరి కడుపులో ఏ దుఃఖం ఉందో మనకేం తెలుసు.

మూడో రోజు, చనిపోయిన కొడుకు మళ్లీ బతకాలని రెండో కోరిక కోరాక వినిపించే తలుపు చప్పుడు దగ్గర ఆపు. తల్లి కుర్చీ వేసుకుని గడియ తీస్తుంటుంది, తండ్రి నేల మీద పాకుతూ పంజా కోసం తడుముతుంటాడు. తలుపు తీయాలన్నవాళ్లు ఒకవైపు, వద్దన్నవాళ్లు ఒకవైపు నిలబడి వాదించుకోనీ. తప్పుల ఇంగ్లీషులోనే అరుచుకుంటారు, అరుచుకోనీ. తర్వాత చివరిదాకా చదువు. మూడో కోరిక ఏమిటో రచయిత రాయలేదు. నిన్నడుగుతారు. చెప్పకు, దాచిన చీటీలు తిరిగిచ్చి, కొత్త చీటీ మీద ఆ కోరిక 'ఐ విష్'తో రాయమను.

వాటిలో బాగున్నవి నాకు పంపు.

మీ అక్కయ్య