బ్రిటన్‌లో బండి తీసే ముందు

చదువుకు బ్రిటన్ బయల్దేరే మా వైపు పిల్లలు, అంటే భీమవరం, పాలకొల్లు, అమలాపురం పిల్లలు, వీసా రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కడ బండి, అంటే బైకు, నడపవచ్చా అండీ?" నడపవచ్చు. అక్కడా ఎడమ పక్కనే కాబట్టి అలవాటు పడటం కష్టం కాదు. నరసాపురం రేవులో పంటు మీదికి బండి ఎక్కించినవాడికి ఆ రోడ్లు ఓ లెక్కా! చిక్కంతా కాగితాలతోనే.

అన్నిటికన్నా ముందు ఇన్సూరెన్సు. మన దగ్గర అది బండికి ఉంటుంది. అందుకే పక్కింటి బాబాయిగారిని తాళం అడిగి, కాలువ గట్టు మీద నాలుగు ఊళ్లు తిరిగి వచ్చినా ఎవరూ ఏమీ అనరు. బ్రిటన్‌లో పాలసీలో ఎవరి పేరుంటే వారికే రక్షణ. పాల ప్యాకెట్టు కోసమని రూమ్మేటు బండిని వీధి చివరిదాకా తీసుకెళ్లినా, అందులో మీ పేరు లేకపోతే ఇన్సూరెన్సు లేకుండా నడిపినట్టే. జరిమానా 300 పౌండ్లు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు, పైగా బండిని కూడా పట్టుకుపోవచ్చు. ప్రీమియం తగ్గుతుందని స్నేహితుడి పేరున పాలసీ తీసుకుని తాము నడుపుకునే తెలివిగలవాళ్లూ ఉన్నారు. దాన్ని అక్కడ మోసమంటారు.

బిర్యానీలు చేరవేసి ఖర్చులు రాబట్టుకుందామని కొందరి ఆలోచన. మామూలు పాలసీ డెలివరీకి వర్తించదు, వేరే కవరు తీసుకోవాలి. అంతకన్నా పెద్ద సంగతి, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. యాప్ డెలివరీలు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకోమని చెప్పే సీనియర్ల మాట వినకండి. పోయేది వాళ్ల వీసా కాదు.

ఇక లైసెన్సు. ఇంట్లో ఉండగానే కార్డు తీసి చూసుకోండి. ఎంసీడబ్ల్యూజీ, అంటే గేర్ల మోటారు సైకిలు, అందులో ఉందా? ఎల్‌ఎంవీ ఒక్కటే ఉంటే అది కారుకే. పదో తరగతి నుంచి బైకు నడుపుతున్నామన్న గొప్ప అక్కడ పనికిరాదు. ఆర్టీవో ఆఫీసులో ఎల్‌ఎల్‌ఆర్ తీశాక 30 రోజులు ఆగాలి కాబట్టి టికెట్టు కొనకముందే ఆ పని మొదలుపెట్టండి. డిజిలాకర్ కాపీతో సరిపెట్టుకోకుండా అసలు కార్డు వెంట తీసుకెళ్లండి. వెయ్యి రూపాయల ఇంటర్నేషనల్ పర్మిట్ బ్రిటన్‌లో తప్పనిసరి కాదు.

మన లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు నడపవచ్చు. మధ్యలో సంక్రాంతికి వచ్చి వెళ్లినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటికి రాదు. ఆ తర్వాత వాళ్ల ప్రొవిజనల్ లైసెన్సు, అంటే మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటిది, దాని మీద సీబీటీ అనే ప్రాథమిక బైకు శిక్షణ. ఆ సర్టిఫికెట్టు రెండేళ్లు చెల్లుతుంది. 125 సీసీ దాటకూడదు, ముందూ వెనుకా ఎర్ర 'ఎల్' ఉండాలి, వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటర్‌వే ఎక్కకూడదు. పెద్ద బండి కావాలంటే థియరీ, ఆపైన రెండు ప్రాక్టికల్ పరీక్షలు. వయసు 24 నిండితే ఎంత పెద్ద బండి పరీక్షకైనా నేరుగా వెళ్లవచ్చు.

ఐఎస్‌ఐ ముద్ర ఒక్కటే ఉన్న హెల్మెట్ అక్కడ చెల్లదు. అక్కడి భద్రతా ప్రమాణమైన ఈసీఈ 22.05 లేదా 22.06 ముద్ర చూసి అక్కడే కొనుక్కోండి.

పాత బండి కొనేటప్పుడు వీ5సీ లాగ్‌బుక్ అడగండి. మన సి-బుక్కులా కనిపిస్తుంది గానీ, బండి ఎవరి బాధ్యతలో ఉందో చెబుతుందే తప్ప యజమాని ఎవరో రుజువు చేయదు. కాబట్టి డబ్బు కట్టిన రసీదు విడిగా రాయించుకోండి. కొన్నవారికి అందులోంచి ఆకుపచ్చ చీటీ ఇస్తారు. మనలా లైఫ్ ట్యాక్సు ఉండదు, పాతవారు కట్టిన రోడ్డు పన్ను మీకు బదిలీ కాదు. ఆ చీటీ మీది నంబరుతో, బండిని ఇంటికి నడిపే ముందే పన్ను మీరు కట్టాలి.