స్టూడెంట్ బడ్జెట్‌లో ఏ కెమెరా కొనాలి? ముందు లెన్స్ సంగతి తేల్చుకోండి

"ఇంకా చదువుకుంటున్నాను, చేతిలో డబ్బు తక్కువ, ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ఉంది. ఏ డిజిటల్ కెమెరా కొనమంటారు?" అని అడిగారు. ఈ ప్రశ్న కనబడితే నేను ఊరుకోలేను. ఇందులో చేయదగ్గ తప్పులన్నీ చేసినవాణ్ని.

నా మాట ముందే చెప్పేస్తున్నా. కొత్తది కొనకండి. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, చవగ్గా తీసుకుని, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి. కాదనేవాళ్లు జేబు తడుముకుంటూ ఎప్పుడూ కెమెరా కొని ఉండరు.

నా మొదటి కెమెరా ఒక చిన్న కాంపాక్ట్. డబ్బా మీద '20 మెగాపిక్సెల్' అని ఇంతింత అక్షరాలు. అది చూసే పడిపోయాను. ఎండలో పర్వాలేదు, పొద్దు వాలిందంటే మాత్రం మనుషుల మొహాలు మైనపు ముద్దలే. తర్వాత తెలిసింది, అలాంటి వాటిలో సెన్సర్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్) సాధారణంగా 6.2 × 4.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సుమారు 23 × 15 ఉంటుంది, అంటే వైశాల్యంలో పన్నెండు రెట్లు. అంత ఇరుకు గదిలో ఎన్ని పిక్సెళ్లను కుక్కితే ఏం లాభం? ఏ4 సైజు ప్రింటు నాణ్యంగా వేయించుకోవడానికి 9 మెగాపిక్సెల్ కూడా అక్కర్లేదు. అయినా కెమెరా చేతిలో కనబడితే చాలు, ప్రతివాడూ "ఎన్ని మెగాపిక్సెల్?" అనే అడుగుతాడు.

దాన్ని వదిలించుకుని, కోర్సు అయిపోయి వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర నికాన్ డీ3100 తీసుకున్నాను. 2010 నాటి మోడల్, 14 మెగాపిక్సెల్. దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ పగలు చాలు, రాత్రికి చాలదు. అందుకని ఇంకొకరి దగ్గర 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొన్నాను (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు). దాంట్లో రెండు రకాలున్నాయి, పేరు చివర 'జీ' అని ఒకటి, 'డీ' అని ఒకటి. 'డీ' చవక. ఇంకేం ఆలోచిస్తాం?

మర్నాడు రాత్రే కాలేజీలో నాటకం. ఫొటోలు నేనే తీస్తానని చాటింపు వేసుకున్నాను. తెర లేచింది, ఒకే ఒక పచ్చటి లైటు కింద హీరో నిలబడ్డాడు. బటన్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) అడుగున 'ఎఫ్ఈఈ' అని మూడక్షరాలు కొట్టుకుంటున్నాయి. అరచేతులు తడిసిపోయాయి. బ్యాటరీ తీసి పెట్టాను, కార్డు తీసి పెట్టాను. మొదటి రంగం అయిపోయింది. చీకట్లో తడుముతుంటే లెన్స్ మీదున్న అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) రింగు ఎలాగో 22 దగ్గరికి తిరిగింది, క్లిక్ అంది! ఈ కెమెరాలో రింగును 22 దగ్గర లాక్ చేసి వదిలేయాలి, అపర్చర్ ఎంత కావాలో బాడీ మీదే పెట్టుకోవాలి. ఈ ముక్క ముందే చదువుకోకపోవడం నా తప్పే.

అక్కడితో అయిపోలేదు. ఫోకస్ దానంతట అది కదలడం లేదు. డీ3100 బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. 'డీ' రకం లెన్స్‌లోనూ ఉండదు. ఇక చేత్తో తిప్పుకోవడమే. వ్యూఫైండర్‌లో ఎడమవైపు కింద ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది, ఫోకస్ కుదిరితే వెలుగుతుంది. హీరో అడుగు వేస్తే చుక్క పోతుంది, ఆగితే వస్తుంది. రెండు గంటలు ఆ చుక్కతోనే కాపురం. నూట ముప్పై తీస్తే తొమ్మిది నిలిచాయి. కానీ ఆ తొమ్మిదీ కిట్ లెన్స్‌తో వచ్చేవి కావు. పూర్తిగా జూమ్ చేస్తే అది ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది, ఎఫ్ 1.8 దాదాపు పదిరెట్ల వెలుగు లోపలికి రానిస్తుంది. అక్కడ సెకనులో పదో వంతు పట్టే ఫొటో ఇక్కడ నూరో వంతులో అయిపోతుంది. మనిషి కదిలినా చెదరదు.

ఇంకో బాధ. ఆ తొమ్మిది ఫొటోలూ బయటికొచ్చాక ప్రతి ఫంక్షన్‌కీ "కెమెరా పట్టుకుని వచ్చెయ్" అనే పిలుపులే. రమ్మనడం కాదు, పట్టుకుని రమ్మనడం. పెట్టుబడి మాత్రం మనది.

వాడినది కొనేటప్పుడు షటర్ ఎన్నిసార్లు పడిందో, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో చూడండి. నికాన్‌లో అయితే ఒక ఫొటో తీసి, దాని ఎగ్జిఫ్ వివరాల్లో (ఫొటో ఫైల్లోనే దాగి ఉండే సమాచారం) చూడొచ్చు. లెన్స్‌లోకి ఫోన్ టార్చి వేసి ఇటు నుంచీ అటు నుంచీ చూడండి, సాలెగూడులాంటి పోగులు కనబడితే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్ 22 పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా పడుతుంది. అది తుడిస్తే పోయేదే, బేరానికి పనికొస్తుంది.

మోడల్ పేర్లే కావాలంటే నికాన్ డీ3200, డీ5300, కెనాన్ 1200డీ, వీటిలో ఏది మంచి స్థితిలో దొరికితే అది. నికాన్ అయితే లెన్స్ పేరులో 'ఏఎఫ్-ఎస్' (ఫోకస్ మోటార్ లెన్స్ లోపలే ఉందని గుర్తు) ఉందో లేదో చూసి మరీ కొనండి. కెనాన్‌లో ఈ గొడవ లేదు, ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్స్‌లన్నిటికీ మోటార్ లోపలే ఉంటుంది. 2015లో వచ్చిన వాళ్ల 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి.

నా 'డీ' లెన్స్ అమ్ముతారా అని మాత్రం మెసేజ్ పెట్టకండి.