కలుపుగోలుతనం అంటే ఏంది, ఆ మాట ఎట్టా వచ్చింది?

కులం మతం, తెలిసినోళ్లా కొత్తోళ్లా అని చూడకుండా అందర్నీ కలుపుకొనిపోయే గుణం అండీ. అచ్చ తెలుగు మాట. వీడుకొను నుంచి వీడుకోలు, మేలుకొను నుంచి మేలుకోలు వచ్చినట్టే కలుపుకొను నుంచి ఇది, కాకపోతే ఇక్కడ కోలు కాస్తా గోలు అయింది, దానికి తనం చేరింది. నవ్వుతా మాట్లాడే మనిషిని కూడా కలుపుగోలు మనిషి అంటారు గానీ నా లెక్కలో అది సగం అర్థమే. పూర్తి అర్థం కావాలంటే మొహర్రం అప్పుడు మా నెల్లూరు రొట్టెల పండక్కి రండి, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి హిందువులూ ముస్లింలూ రొట్టెలు మార్చుకుంటారు, కోరిక తీరినోళ్లు ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు తీసుకుంటారు, విద్య రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె ఎవురికి ఏది కావాలంటే అది అడిగి తీసుకోవడమే.