టెక్ సందేహాలు: వర్చువల్ మెమరీ పెంచితే పాత కంప్యూటర్ స్పీడవుతుందా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పక్కన ట్యాలీ తెరిస్తే 'మెమరీ తక్కువగా ఉంది' అని వచ్చి ఏదో ఒకటి మూసుకుపోతోంది. వర్చువల్ మెమరీ 16 జీబీ పెడితే ర్యామ్ కొన్నట్టేనంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: సగమే నిజం. మెసేజ్ పోతుంది, స్పీడు మాత్రం రాదు. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు విండోస్ కొంత సరుకును హార్డ్ డిస్క్ మీది పేజ్ ఫైల్లోకి, అంటే అటక మీదకి ఎక్కిస్తుంది. వర్చువల్ మెమరీ పెంచడమంటే ఈ పేజ్ ఫైల్ సైజు పెంచడమే. మళ్లీ కావాలంటే దించాలి. ర్యామ్‌తో పోలిస్తే తిరిగే హార్డ్ డిస్క్ స్పందన దాదాపు లక్ష రెట్లు నెమ్మది. ట్యాబ్ మార్చగానే కర్సర్ గుండ్రంగా తిరిగేది ఈ దింపుడు వల్లే.

ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి 'కమిటెడ్' అంకెలు చూడండి. మొదటిది ప్రోగ్రాములకు కేటాయించిన మెమరీ, రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి ఉన్న హద్దు. 5.7/5.9 జీబీలా రెండూ దగ్గరపడితేనే పేజ్ ఫైల్ పెంచాలి.

స్టార్ట్‌లో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి తెరవండి. పెర్ఫార్మెన్స్ దగ్గర సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, కింద 'చేంజ్'. పైనున్న ఆటోమేటిక్ టిక్ తీసేసి, సి డ్రైవ్ ఎంచుకుని, కస్టమ్ సైజులో ఇనీషియల్ 4096, మ్యాగ్జిమమ్ 8192 ఇవ్వండి. ఇవి ఎంబీల్లో. తర్వాత 'సెట్' నొక్కి, ఆపై ఓకే. చాలామంది సెట్ నొక్కకుండానే ఓకే కొట్టేస్తారు, పాత అంకెలే ఉండిపోతాయి. 16 జీబీ మీకు దండగ. డిస్క్‌లో చోటు పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

పేజ్ ఫైల్‌ను డి డ్రైవ్‌కి మార్చమనే సలహా కూడా వినిపిస్తుంది. సి, డి ఒకే హార్డ్ డిస్క్‌లోని రెండు ముక్కలైతే డిస్క్‌ను చదివే హెడ్ అటూ ఇటూ మరింత పరుగులు తీస్తుందంతే. విడిగా రెండో డిస్క్ ఉంటేనే ప్రయోజనం. పెన్ డ్రైవ్ మీద అసలు వద్దు.

'కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్' అంటూ నీలం తెర వస్తుంటే సైజుతో ఆటలాడకండి. పేజ్ ఫైల్లో పెట్టినదాన్ని విండోస్ తిరిగి చదవలేకపోయిందని దానర్థం. డిస్క్‌లో చెడు సెక్టార్లు (పాడైన భాగాలు) గానీ, డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ వదులవడం గానీ కారణం కావచ్చు. ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి.

అసలు మందు ఇంకో 4 జీబీ ర్యామే. టాస్క్ మేనేజర్‌లోని అదే మెమరీ పేజీలో 'స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2' అని ఉంటే ఖాళీ ఉన్నట్టే. పాత మదర్‌బోర్డైతే ర్యామ్ రకం డీడీఆర్3 కావచ్చు, అందులో డీడీఆర్4 పట్టదు. పాత ర్యామ్ స్టిక్ తీసి షాపుకి పట్టుకెళ్లడం మేలు. అలాగే సెట్టింగ్స్, సిస్టమ్ కింద 'ఎబౌట్'లో 32 బిట్ అని ఉంటే 4 జీబీకి మించి వాడుకోదు, 64 బిట్ విండోస్ వేయించాలి.

కొత్త స్టిక్ పెట్టాక బీప్‌లు వస్తే కంగారొద్దు. విశాఖ ఉప్పుగాలికి కాంటాక్టులు నల్లబడతాయి. ప్లగ్ పీకేసి, స్టిక్ అంచున పసుపు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెండు వైపులా క్లిప్ 'టక్' మనేదాకా నొక్కండి.

ప్రశ్న: సి డ్రైవ్ నిండిపోయింది. 6 జీబీ పేజ్ ఫైల్‌ని డిలీట్ చేయొచ్చా?
– ఎంవీపీ కాలనీ నుంచి

జవాబు: వద్దు. విండోస్ నడుస్తుండగా ఎలాగూ పోదు. సెట్టింగ్స్‌లో పూర్తిగా తీసేస్తే ర్యామ్ నిండగానే ప్రోగ్రాములు కుప్పకూలతాయి. డిస్క్ క్లీనప్‌లో 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కి పాత విండోస్ ఇన్‌స్టలేషన్ ఉంటే తీసేయండి, అంతకంటే ఎక్కువే ఖాళీ అవుతుంది.