ఫ్రెంచి షెల్లేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో తాతగారి కాలంనుంచీ ఓ ఇనప ఫిరంగి షెల్ ఉందండీ. అడుగు చదునుగా, పైన కోసుగా ఉంటుంది. ఒంటి చుట్టూ రెండు వరసల్లో బూడిదరంగు బొడిపెలున్నాయి. పుదుచ్చేరి యుద్ధాల్లో ఫ్రెంచివాళ్లు పేల్చిందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మైలాపూరు, చెన్నై

జవాబు: ముందు దాన్ని కదపకండి, తుప్పు గీకకండి. 112కి ఫోన్ చేసి పోలీసుల బాంబు నిర్వీర్య దళాన్ని రప్పించండి. లోపలి నల్ల తుపాకిమందు నూటయాభై ఏళ్ల తర్వాతా మండుతుంది, తడిసి ఆరినా అంటుకుంటుంది. మొన దగ్గర రంధ్రం తెరిచి ఉన్నా అడుగున మందు గడ్డకట్టి ఉండొచ్చు. ఖాళీదేనని వాళ్లు తేల్చాకే కొలతల సంగతి.

బొడిపెలు మాత్రం ముట్టుకోకుండానే లెక్కపెట్టొచ్చు. వరసకు ఆరు చొప్పున పన్నెండు జింకు బొడిపెలుంటే అది 1858లో ఫ్రాన్సు తెచ్చిన, మూతినుంచి నింపే లా ఇత్ పద్ధతి ఫిరంగుల షెల్ అయ్యుండాలి. ఆ ఫిరంగి గొట్టంలో ఆరు మెలిక గాడులుంటాయి. బొడిపెలు వాటిలో జారుతూ షెల్‌ను గిర్రున తిప్పుతాయి. జింకు మెత్తన, ఊడిపోతుంటుంది. ఊడినచోట మిగిలిన గుండ్రటి గుంటల్నీ లెక్కలో వేసుకోండి. వరసకు మూడే ఉంటే బ్రిటిష్‌వాళ్లదని అనుమానించాలి. 1870ల నాటి వాళ్ల 9 పౌండ్ల ఫిరంగికి మూడే గాడులు.

తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో బొడిపెల మధ్య ఒంటిని కొలవండి. బొడిపెల మీద కొలిస్తే లెక్కంతా తప్పుతుంది. లా ఇత్ ‘4’ రకం ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 86.5 మి.మీ. షెల్ దానికన్నా రెండు మూడు మి.మీ. సన్నగా, సుమారు 4 కిలోలు తూగుతుంది. ‘12’ రకం గొట్టం 121 మి.మీ., షెల్ పదకొండు కిలోల పైమాటే. బొడిపెలకు బదులు సీసం తొడుగు గానీ రాగి పట్టీ గానీ ఉంటే అది వెనకనుంచి నింపే ఫిరంగులది.

పుదుచ్చేరి కథ మాత్రం కుదరదు. అక్కడ చివరి ముట్టడి 1793లో జరిగింది. 1814 ఒప్పందంతో ఫ్రెంచివాళ్లు భారత్‌లో కోటలు కట్టే హక్కునే వదులుకున్నారు. మీ షెల్‌లో ఆ పన్నెండు బొడిపెలుంటే అది 1858కి ముందుది కాదు. ఇంటికి వేరే దారిన వచ్చిందన్నమాట.

ప్రశ్న: ఆదివారం సంతలో ‘ఫ్రెంచి 12’ అంటూ ఓ గుండ్రటి గుండు అమ్మారు. 7.26 కిలోలుంది. అసలుదేనా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: కాదమ్మా. ఫ్రెంచి 12 అంటే 12 పాత ఫ్రెంచి పౌండ్లు; ఆ గట్టి గుండు ఆరు కిలోల దరిదాపుల్లో, 118 మి.మీ. వ్యాసంతో ఉంటుంది. 7.26 కిలోలు పురుషుల షాట్‌పుట్ బరువు. పోతగుండుకు నడుము చుట్టూ అచ్చు కలిసిన సన్నని గీత, ఇనుము పోసినచోట అరగదీసిన మచ్చ కనిపిస్తాయి. లేత్ మీద తిప్పినట్టు నున్నగా ఉంటే డబ్బు వెనక్కి అడగండి.