చలి ఉదయాల్లో పలకని పాత బుల్లెట్

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కొన్న బుల్లెట్ 350 ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. కార్బరేటర్ మిక్‌కార్బ్. ఎండాకాలంలో ఒకటి రెండు కిక్కులకే అందుకునే ఈ బండి, ధనుర్మాసం వచ్చిందంటే పొద్దున్నే ఇరవై ముప్పై కిక్కులు కొట్టినా పలకదు. ఒకసారి వేడెక్కితే మాత్రం రోజంతా ఏ ఇబ్బందీ పెట్టదు. చోకు వేసి, ఎక్సలేటర్ తిప్పుతూనే కొడుతున్నాను. బోరు (సిలిండర్ లోపలి గోడను కోయించి కొత్త పిస్టన్ వేయడం) చేయించక తప్పదని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బోరు పనికి ఇప్పుడే ఒప్పుకోకండి. చల్లని ఇంజిన్‌లో కిక్కును కంప్రెషన్ (పిస్టన్ పైకి వస్తూ గాలిని నొక్కే బిగువు) తగిలేదాకా తెచ్చి, డీకంప్రెసర్ (ఆ ఒత్తిడిని బయటికి వదిలే చిన్న లివర్) నొక్కకుండా దానిపై మీ బరువు మోపి నిలబడండి. కొన్ని క్షణాలు ఆగి మెల్లగా దిగితే బోరుకు తొందర లేదు. వెంటనే జారిపోయినా ముందు చూడవలసినవి ట్యాపెట్లే (వాల్వులను తెరిచే భాగాల సర్దుబాటు): పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉన్నప్పుడు పుష్‌రాడ్లు (వాల్వులను కదిలించే కడ్డీలు) పైకీ కిందికీ ఆడకూడదు, వేళ్లతో తిప్పితే మాత్రం సులువుగా తిరగాలి.

అసలు చిక్కు మీరు ఎక్సలేటర్ తిప్పడంలోనే ఉన్నదని నా అనుమానం. మీ కార్బరేటర్‌లో చోకు అంటే గాలిదారిని మూసే రేకు కాదు; అదనపు పెట్రోలును వేరే సన్నని దారి గుండా పంపే ఏర్పాటు. ఆ పెట్రోలును పైకి లాగేది ఇంజిన్ పీల్పు. ఎక్సలేటర్ మూసి ఉంటేనే ఆ పీల్పు బలంగా ఉంటుంది. కొంచెం తెరిచినా గాలి పెద్దదారిన వెళ్లిపోయి, చోకు వేసినా వేయనట్టే అవుతుంది. మన వరంగల్ ఎండల్లో పెట్రోలు తనంతట తానే ఆవిరవుతుంది కాబట్టి ఈ అలవాటు వల్ల నష్టం కనిపించదు. చలిలో అది సరిగా ఆవిరి కాక లోపలి గోడలకే అంటుకుంటుంది. అందుకే మిశ్రమం చిక్కగా ఉండాలి.

కాబట్టి పెట్రోలు కాక్ తెరిచి, చోకు వేసి, తాళం వేయకుండానే మూడు నాలుగు కిక్కులు నిదానంగా కొట్టండి. తరువాత తాళం తిప్పి, కిక్కు గట్టిగా తగిలినచోట డీకంప్రెసర్ పట్టుకొని పిస్టన్‌ను పైకొన దాటించండి. ఆపై లివర్ వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా చివరిదాకా ఒక్క కిక్కు కొట్టండి. గబగబా పొట్టి కిక్కులు కొడితే మోకాలు అరగడమే తప్ప లాభం లేదు.

అప్పటికీ పలకకపోతే ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు; చోకు దారి మూసుకుపోయి ఉండవచ్చు. తడిగా ఉంటే లోపం నిప్పురవ్వది. పాయింట్ల (కరెంటును కలుపుతూ తెంపుతూ నిప్పురవ్వ పుట్టించే బిళ్లల) సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గు సందు సుమారు 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు మాడి నల్లబడుతుంటే వాటి దగ్గర నిప్పు ఎగరకుండా ఆపే కండెన్సర్ మార్చండి. తాళం వేసి కిక్కును మెల్లగా దించుతుంటే, పాయింట్లు కలిసినప్పుడు అమ్మీటర్ (బ్యాటరీ కరెంటు రాకపోకలు చూపే మీటరు) ముల్లు డిశ్చార్జి వైపు వంగి, విడిపోగానే మధ్యకు రావాలి. ముల్లు అసలే కదలకపోతే బ్యాటరీని, వైర్లను, పాయింట్లను వరుసగా చూడాలి.

ప్రశ్న: నా బుల్లెట్‌ను నెలకు ఒకసారే తీస్తాను. ఈమధ్య స్టార్ట్ కావడం మరీ కష్టమైంది. పెట్రోలు పాడవుతుందా?
– మరో పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చలిలో పెట్రోలు కంటే కష్టంగా ఆవిరవుతుంది, పాతకాలపు రబ్బరు పైపులను, వాషర్లను మెత్తబరుస్తుంది. బండిని నిలిపే రోజున కాక్ మూసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి. మళ్లీ తీసే ముందు కార్బరేటర్ గిన్నె విప్పి, అడుగున నీటిచుక్కలు ఉంటే తుడిచి బిగించండి.