ఆ ఇంట్లో పరలోకం మాట నువ్వు ఎత్తకు

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఇజ్రాయెల్‌లో, ఆ హోలోన్‌లో నువ్వు చూసుకుంటున్న మామ్మగారికి ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పారని, రాత్రి ఆవిడ నీ చెయ్యి పట్టుకుని "పోయాక ఏముంటుంది?" అని అడిగితే నీకు నోట మాట రాలేదని టెన్షన్ పడుతున్నావు. రాకపోవడమే మంచిదైంది. నాకు ఆ రోజు మాట వచ్చింది, అదే నేను చేసిన తప్పు.

రమత్‌గన్‌లో నేను చూసుకున్న మొదటి తాతగారు పోయినప్పటి సంగతి. మన రాజోలు వైపు ఎవరైనా పోతే ఇంట్లో అడుగు పెడుతూనే "ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా, అక్కడ కలుసుకుంటావు" అంటాం కదా. ఆయన కూతురు పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంటే, పక్కన చేరి వచ్చీరాని హీబ్రూలో అదే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. నా వైపు చూసి "నీకెలా తెలుసు?" అంది. అంతే. పదమూడేళ్ళు ఆ దేశంలో ఉన్నాను, ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు.

యూదులకు పరలోకం లేదనుకోకు. ఉంది. ఓలమ్ హబా అంటారు, రాబోయే లోకం అని. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్నది 12వ శతాబ్దపు పండితుడు మైమొనిడీస్ రాసిన 13 విశ్వాస సూత్రాల్లో చివరిది. కానీ దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ. మనం పాత నిబంధన అనే భాగంలోనే చూడు, చచ్చిన తర్వాత సంగతి ఎంత కొంచెం ఉంటుందో! పాతాళం అని ఒక మాట, అక్కడ పనీ లేదు స్తుతీ లేదు అని ప్రసంగిలోనూ కీర్తనల్లోనూ రెండు వాక్యాలు. మిగతాదంతా పొలం కోసేటప్పుడు బీదవాళ్ళకి ఏం వదలాలి, కూలివాడికి డబ్బు ఎప్పుడు ఇవ్వాలి అన్న గొడవే. బతికి ఉన్నప్పుడు చెయ్యాల్సిన ఆజ్ఞలు 613 అని వాళ్ళ లెక్క. వాళ్ళ పాత ధర్మగ్రంథం మిష్నాలో ఒక రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, మాట ఉంది: ఈ లోకం వసారా లాంటిది, రాబోయే లోకం విందు గది, లోపలికి వెళ్ళేముందు వసారాలో తయారవ్వు అని. ఆ వెంటనే ఆయనే ఇంకోటి అంటాడు. ఈ లోకంలో పశ్చాత్తాపంతో, మంచి పనులతో గడిపిన ఒక్క గంట, రాబోయే లోకపు బతుకంతటికంటే మేలట. అక్కడి ఆనందం ఒక్క గంట, ఇక్కడి బతుకంతటికంటే మేలట. రెండూ ఒకే నోట! నాకు మొదట తికమకగా అనిపించింది. తర్వాత తాతగారికి స్నానం చేయిస్తూ ఆలోచిస్తే కొంచెం అర్థమైంది. సుఖపడడం అక్కడ, పని చెయ్యడం మాత్రం ఇక్కడే కుదురుతుంది.

ఇక జరగాల్సింది జరిగితే నువ్వేం చెయ్యాలో చెప్తాను. ముందు వాళ్ళబ్బాయికి ఫోన్ చెయ్యి. శనివారం వాళ్ళకి విశ్రాంతి దినం, ఆ రోజు అయితే ఫోన్ ఎత్తుతాడో లేదో, ఎవరికి చెప్పాలో ఇప్పుడే అడిగి పెట్టుకో. మామ్మగారిని ఒంటరిగా వదలకు, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ప్రేమ కొద్దీ నువ్వు స్నానం చేయించబోకు. దానికి హెవ్రా కదిషా అని మనుషులుంటారు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు. చనిపోయినవాళ్ళు తిరిగి ఉపకారం చెయ్యలేరు కాబట్టి అన్నిట్లోకీ నిజమైన దయ అదేనని వాళ్ళు అంటారు. అక్కడ మామూలుగా పెట్టె ఉండదు, తెల్లబట్టలోనే దించుతారు. ఆ బట్టకి జేబులుండవు. సమాధి దగ్గరకి పువ్వులు పట్టుకెళ్ళకు, చిన్న రాయి పెట్టి రా.

తర్వాత ఏడు రోజులు ఇంట్లో కూర్చుని సంతాపం పాటిస్తారు, దాన్ని శివా అంటారు. తలుపు తీసే ఉంటుంది, బెల్లు కొట్టక్కర్లేదు. అద్దాలకి గుడ్డలు కప్పితే కంగారుపడకు. వాళ్ళు పలకరిస్తేనే నువ్వు మాట్లాడు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నోరు విప్పకుండా కూర్చున్నారు గుర్తుందా? వాళ్ళు బుద్ధిగా ఉన్నది ఆ ఏడు రోజులే, నోరు తెరిచాకే అంతా చెడింది. నీకు మాట్లాడే వంతు వస్తే ఆవిడ గురించి నీకు తెలిసింది ఒకటి చెప్పు. రాత్రి నిద్రపట్టక ఏం పాట పాడేదో, నీ వంట తిని ఏం వంక పెట్టేదో. పిల్లలకి తెలియని తల్లి నీ దగ్గర ఉంది, అది వాళ్ళకి ఇచ్చెయ్యి.

వాళ్ళబ్బాయి కద్దిష్ అనే ప్రార్థన చదువుతాడు. దానికి పదిమంది జమ కావాలి. అందులో చావు అన్న మాటే ఉండదు, దేవుణ్ణి పొగడడమే. తల్లికోసం తండ్రికోసం 11 నెలలు చదువుతారు. ఏడాది ఎందుకు కాదని అడిగాను. ఎంత చెడ్డవాళ్ళయినా గెహిన్నోమ్‌లో, అంటే మన నరకం లాంటి చోట, శుద్ధి కావడానికి 12 నెలలు చాలునట, 12 నెలలూ చదివితే మా అమ్మ అంత చెడ్డది అని ఊరికి చెప్పినట్టు కదా అని నవ్వారు. కన్నవాళ్ళ పరువు కోసం ఒక నెల తగ్గించుకున్న జనాన్ని చూస్తే ముచ్చటేసింది.

కువైట్‌లో పద్ధతి వేరు. అంతకుముందు ఆరేళ్ళు నేను పనిచేసిన ఇంట్లో ముసలావిడ, చావు గురించి మనం వానాకాలం గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడేది. సమాధిలో ఇద్దరు దూతలు వచ్చి నీ దేవుడెవరు, నీ మతమేది, నీ ప్రవక్త ఎవరు అని అడుగుతారని, తీర్పు రోజున మంచీ చెడూ త్రాసులో తూస్తారని, చిట్టా కుడి చేతికి వస్తే గట్టెక్కినట్టని. నన్ను పుట్టించింది అల్లాను ఆరాధించడానికి, ఈ బతుకు ఒక పరీక్ష అని ఆవిడకి ఏ సందేహమూ లేదు. ఖురాన్‌లో ఆ రెండు మాటలూ ఉన్నాయి, 51వ సూరాలో, అంటే అధ్యాయంలో ఒకటి, 67వ సూరాలో ఒకటి. మనిషి పోయాక లెక్కలో ఇంకా జమ పడేవి మూడేనని కూడా చెప్పేది: పారుతూ ఉండే దానం, పదిమందికి పనికొచ్చే చదువు, తనకోసం దువా చేసే మంచి బిడ్డ. ఆ ఇంటి గోడ బయట దారిన పోయేవాళ్ళకి చల్లటి నీళ్ళ కూలర్ ఉండేది, వాళ్ళ అమ్మ పేరు మీద పెట్టించింది. ఎండలో నీళ్ళు తాగే డ్రైవర్లను కిటికీలోంచి చూస్తూ ఉండేది.

ఆవిడ పోయేటప్పుడు కూతురు చెవి దగ్గర మెల్లగా కలిమా, అంటే వాళ్ళ విశ్వాస వాక్యం, చెప్పింది, బలవంతపెట్టకుండా. మూడు రోజులు ఆడవాళ్ళు వచ్చి చక్కెర లేని కాఫీ తాగి వెళ్ళారు. స్వర్గం గురించి అంత మాట్లాడే ఇల్లు కదా, అయినా ఒక్కరూ "స్వర్గానికి వెళ్ళింది" అనలేదు. "అల్లా ఆమెను కరుణించుగాక" అనే అన్నారు. తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడు, మధ్యలో మనమెవరం అన్నట్టు. నేనది ఆ రోజే గమనించి ఉంటే రమత్‌గన్‌లో ఆ మాట అనేదాన్ని కాదు.

రెండు మతాలూ ఒకటేనని మాత్రం ఎవరితోనూ అనకు. అక్కడ అది ఇద్దరికీ నచ్చదు, నిజం కూడా కాదు. అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. ప్రళయం వచ్చేస్తున్నా నీ చేతిలో ఖర్జూరం మొక్క ఉంటే, నాటగలిగితే నాటు అని ముహమ్మద్ ప్రవక్త అన్నట్టు హదీసు ఉంది. చేతిలో మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడని కబురొస్తే, ముందు మొక్క నాటి తర్వాత ఆయనకి ఎదురువెళ్ళు అన్నాడు మొదటి శతాబ్దపు రబ్బీ యోహానన్ బెన్ జక్కాయి. మీ మామయ్యకి చెప్తే, తుపానులో పడిపోయిన కొబ్బరి చెట్ల గుంటల్లో మర్నాడే మొక్కలు పెట్టిన మా నాన్న గుర్తొచ్చాడన్నారు.

మామ్మగారు మళ్ళీ అడుగుతుంది, తప్పదు. అప్పుడు "మీ అమ్మగారు ఏమనేవారు, సవ్తా?" అని అడుగు, సవ్తా అంటే హీబ్రూలో మామ్మ. మొరాకో నుంచి వచ్చిన కుటుంబం అన్నావు కదా, ఆవిడ దగ్గర చాలా ఉంటుంది. ఏమీ లేదంటే, ఏమీ నమ్మనంటే, సరేనని చెయ్యి పట్టుకో. నమ్మనివాళ్ళూ అక్కడ బోలెడుమంది, వాళ్ళని మార్చే పని నీది కాదు. రబ్బీని పిలవమంటే వాళ్ళబ్బాయికి చెప్పు.

బాల్కనీలో పుదీనా కుండీకి నీళ్ళు పోశావా అని రోజుకి నాలుగుసార్లు అడుగుతోందని విసుక్కున్నావు. పొయ్యి. పోసి, రెండు ఆకులు తుంచి ఆవిడకి వాసన చూపించు. నువ్వు రాత్రిళ్ళు తినడం మానకు. శుక్రవారం పొద్దున ఫోన్ చేస్తాను.

నీ మేనత్త